రెండాషాఢాల సైకిలు

"భారతదేశం మొత్తం మీద నా సైకిలు లాంటి సైకిలు ఇంకోటి నేదు," అన్నాడు జగన్నాధం, సోములు టీ కొట్టు అరుగు మీద కాలు మీద కాలేసుకుని. వేడి టీ ఒక గుక్క తాగాడు. గ్లాసు దించి కొంచెం ఆలోచించుకుని, "అంటే, మన ఈదిలో నేదు," అన్నాడు.

ఆ మాత్రం తగ్గాడంటే ఈ పూట పెద్ద కోతే కోస్తాడని సోములుకి తెలిసిపోయింది. పొట్టేలు ఢీకొట్టే ముందు రెండడుగులు వెనక్కేస్తుందే, జగన్నాధం కూడా అంతే. సోములు పొయ్యిలో ఇంకో పుల్ల ఎగదోసి చెవులు అటు పడేశాడు. టీ అమ్ముకుని బతికేవాడే గానీ, ఎదటివాడి మాటకి చిన్న చురక అంటించకపోతే ఆ రోజు సోములుకి బేరం అయినట్టే ఉండదు.

సైకిలు అరుగుని ఆనుకుని నిలబడి ఉంది. అది వచ్చేటప్పటి దర్జా చూసి తీరాలి. అరుగుని రాసుకుంటూ వచ్చి, ఎడమకాలు అరుగు మీద మోపి, పల్లకీలోంచి దిగిన పెళ్ళికొడుకులాగ దిగుతాడు జగన్నాధం. కింద మట్టిలో కాలు పెట్టడు. సోములు తల్లి పొద్దున్నే అలికిన అరుగు మీద సాయంత్రానికి ఆ ఎడమ చెప్పు అచ్చు ఒక్కటి పడి ఉంటుంది. ఆవిడ తిట్టుకుంటూ మర్నాడు మళ్ళీ అలుకుతుంది.

నిజానికి జగన్నాధం పెళ్ళికొడుకే. వైశాఖంలో పెళ్ళయింది. నీలవేణి కాపురానికి వచ్చి, ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో ఇంకా తెలుసుకోకుండానే ఆషాఢం వచ్చిపడింది. ఆషాఢంలో కొత్తల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు కదా, పిల్లని పుట్టింటికి నెల్లిమర్ల తీసుకుపోయారు. ఏ ఏడైనా అది నెల్లాళ్ళ ఎడబాటు. ఆ ఏడు మాత్రం అధికమాసం సరిగ్గా ఆషాఢానికే తగులుకుని రెండాషాఢాలు వచ్చాయి. కూతుర్ని బండెక్కించుకుంటున్న మామ అసిరయ్యతో జగన్నాధం ఊరందరి ముందూ ఒక మాటన్నాడు: "సావనంలో మీరు బండి కట్టక్కర్నేదు. మీ పిల్లని నా సైకిలు మీద నానే తెచ్చుకుంటాను."

అన్న మాట బాగానే ఉంది. అప్పటికి ఆ సైకిలు ఊరి భూస్వామి బుగతగారి గడ్డిశాలలో కోళ్ళెక్కి పడుకునే ఇనుము. ఇప్పుడేమో సైకిలు తళతళలాడుతోంది. శ్రావణం వచ్చి పున్నమి కూడా దాటింది. నీలవేణి మాత్రం ఇంకా నెల్లిమర్లలోనే ఉంది. ఎందుకని సోములు కూడా అడగలేదు. ఆ ఒక్క చోట చురక పెట్టడానికి వాడికి చెయ్యి రాలేదు.

"అది అలాటిలాటి సైకిలు కాదు మావా," అని నరసింగరావు వేపు తిరిగాడు జగన్నాధం. నరసింగరావు జూట్ మిల్లులో నేతపని చేసి, దగ్గు పట్టుకుని మానేసి వచ్చిన పెద్దమనిషి. "పూర్వం ఓ సర్వే దొర దీనికి గుడారవూ వంటసామానూ కట్టుకుని మదరాసు నుంచి కలకత్తా దాకా తిరిగీవోడట. దూరాలెల్లడానికని సేసిన సైకిలు. మూడు గేర్లు. ఆ దొర ఎంత పొడుగో తెలుసా? తాటిసెట్టు పక్కన నిలబడి సేత్తోనే కల్లుకుండ దింపీవోడట."

"దొరకి కల్లేటిరా?"

"దాహవేస్తే దొరయితే ఏటి మావా." టీ ఇంకో గుక్క తాగాడు. "నాను తెచ్చిన్నాడు దానికి తుప్పు తప్ప ఇంకేటీ నేదు. మా అమ్మ సూసి, 'పాత ఇనుం కొనీవోడు దార్లో తగల్లేదేటిరా' అంది. వసారాలో దూలానికి తాళ్ళతో ఏలాడదీసినాను. మరలన్నీ ఇప్పి కిరసనాయిల్లో నానేసినాను. సింతపండు, ఇటికిపొడి. ఆషాడం అయిపోద్ది కదా అని రుద్దినాను. అది అయ్యేసరికి ఇంకో ఆషాడం వచ్చింది. మళ్ళీ రుద్దినాను. తోలుసీటు ఎండి బద్దలయిపోయుంటే ఆవుదం పట్టించి, ఎండలో ఎట్టి, మళ్ళీ పట్టించి మెత్త సేసినాను. మడ్గార్డులు పోనాయి, కిరసనాయిలు డబ్బాలు సాగ్గొట్టి సేసినాను. బెల్లు నేదు. మా ఎర్రెద్దు మెళ్ళో గంట ఇప్పి హేండిలికి కట్టీసినాను. ఎద్దు నాలుగు రోజులు నా ఎనకాలే తిరిగిందనుకో, అది వేరే కత."

"అంటే మొత్తం మార్చీసినావు. ఇంకా దొర సైకిలేటి బావా?" అన్నాడు సోములు.

"పూరీలో జగన్నాధసావికి ఈ ఏడే కదా కొత్త మేను సేసినారు? పాత కర్ర తీసి కొత్త కర్రతో సేసినా సావి ఆ సావే. ఇదీ అంతే."

"పేరు కలిసిందని సావి పక్కన నువ్వెక్కి కూకోకు," అన్నాడు నరసింగరావు.

జగన్నాధం ఆ మాట పట్టించుకోలేదు. చెయ్యి చాపి సైకిలు వెనక భాగాన్ని తడిమాడు. గొంతు దానంతట అదే తగ్గింది. "కేరేజీ ఒక్కటే పూర్తిగా కొత్తది. వెడల్పు సేయించినాను. ఈ నరసింగరావు మావ ఇచ్చిన గోనెపట్టాతో దిండు కుట్టి లోపల బూరుగుదూది కూరినాను. కాళ్ళు ఎట్టుకుందికి సెక్క. సీర సక్రంలో పడకండా పక్కన వల. అంతా కుదిరింది. పట్టుకుందికి పిడి మాత్రం ఎట్టలేదు."

"అదేటి, ఆ పిల్ల పడిపోదేటి?"

"నన్ను పట్టుకుంటాది కదా."

కాసేపు అందరూ టీ తాగారు. దిండు మీద కప్పిన తువ్వాలు గాలికి లేస్తే జగన్నాధం సర్దాడు. అన్నాళ్ళకీ ఆ దిండు కుట్టినప్పుడు ఉన్నంత ఎత్తుగానే ఉందని సోములు చూశాడు. దాని మీద ఒక్క గోనెసంచీ కూడా కూర్చున్న గుర్తు లేదు.

"ఆ తర్వాత ఏటయిందో తెలుసా?" అని జగన్నాధం గొంతు మళ్ళీ లేచింది. "మొదట్రోజు ఇజీనారం ఎల్లినాను. మొదటి గేరు. ఎనక బస్సు. హారన్ కొడతాడు, కొడతాడు, నన్ను దాటలేడు. ఊరొచ్చేసరికి డ్రైవరు బస్సు ఆపి దండం ఎట్టి, 'దిగు బాబూ, కలిసి టిఫిను తిందాం' అన్నాడు. నాను దిగలేదు. పనుందన్నాను."

"నీకు పనా?" అన్నాడు సోములు.

"రెండో గేరెయ్యగానే ఆవదాలవలస. పట్టాల పక్కనే మెయిలు. నాను ముందు, మెయిలు ఎనక. స్టేషను మాస్టరు నాకు పచ్చజెండా ఊపి, మెయిలుకి ఎర్రజెండా సూపించినాడు. పూలదండ పట్టుకుని ప్లాటుఫారం మీద నిలబడ్డాడు. దిగితే మెళ్ళో వేస్తానన్నాడు."

"దిగినావేటి?"

"దిగితే మెయిలు ఎల్లిపోద్ది కదా. తల వంచి అలగే ఏయించుకుని పోనాను. ఇంక మూడో గేరు. బోగాపురం అవతల సరుగుడు తోటలు దాటీసరికి రోడ్డయిపోనాది. సైకిలు ఆగితే కదా, సముద్రం మీద ఎల్లిపోనాది. కెరటం ఎక్కడం, దిగడం. కెరటం ఎక్కడం, దిగడం. సేపలు ఎగిరొచ్చి కేరేజీలో పడబోతే దిండు పాడయిపోద్దని తోలీసినాను. తెప్పల మీదున్నోళ్ళు తాడు ఇసిరి, 'దిగిపో బాబూ, లాగుతాం' అన్నారు. నీళ్ళలో దిగడవేటి, బట్టలు తడుస్తాయి."

నరసింగరావుకి నవ్వు వచ్చి, నవ్వుతో దగ్గు వచ్చింది. అరుగు ఆ చివర సంతబుట్ట పక్కన పెట్టుకుని, తల మీద చెంగు కప్పుకుని కూర్చున్న ముసలామె కూడా ఇటు తిరిగింది. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతోంది. అలా తాగేవాళ్ళు మాట్లాడరు కాబట్టి జగన్నాధం ఆమెకేసి చూడనే లేదు.

"అప్పుడు నాలుగో గేరేసినాను."

"మూడే అన్నావు."

"నాలుగోది నాను ఇంట్లో సేసినాను. సైకిలు పైకి లేసింది. మబ్బుల్లో సల్లగా ఉన్నాది. పైనుంచి నెల్లిమర్ల ఎలగుంటాదో తెలుసా మావా? మిల్లు గొట్టం అగ్గిపుల్లంత. ఆ కొండవార ఈది, ఈది సివర పెంకుటిల్లు. పెరట్లో దండెం మీద పసుప్పచ్చ సీర ఆరేసున్నాది. ఒక కొస జారి నేల మీద పడతన్నాది. ఎవరూ సూసుకోనేదు."

"మబ్బుల్లోంచి సీర రంగెలా తెలిసిందిరా?"

"తెలుస్తాది," అన్నాడు జగన్నాధం. కొంచెంసేపు ఆ చీర దగ్గరే ఉండిపోయి, ఉలిక్కిపడ్డట్టు మళ్ళీ అందుకున్నాడు. "కిందటి నెల అమెరికావోళ్ళు సెంద్రుడి మీద దిగినారని రేడియోలో సెప్పినారు కదా. ఆళ్ళు దిగీసరికి అక్కడ దుమ్ములో సైకిలు టైరు అచ్చు ఉన్నాది. అది రేడియోలో సెప్పనేదు. ఎందుకు సెప్తారు, పరువు పోద్ది."

"అయితే నువ్వే ముందు దిగినావన్నమాట."

"దిగలేదు. సుట్టూ ఓ సారి తిరిగి వచ్చీసినాను."

సోములు చేతిలో టీ వడగట్టే గుడ్డ ఆగిపోయింది. వాడికి చురక దొరికింది. "అదేటి బావా. బస్సోడు దిగమంటే దిగలేదు. దండేస్తానంటే దిగలేదు. సముద్రంలో దిగలేదు. అంత దూరం తొక్కుకుని ఎల్లి సెంద్రుడి మీదా దిగలేదు. నీ కతలో ఎక్కడమే గానీ దిగడం నేదేటి?"

నరసింగరావు నవ్వాడు. జగన్నాధం కూడా నవ్వబోయాడు గానీ మూతి దాకా వచ్చిన నవ్వు అక్కడే నిలబడిపోయింది.

అరుగు చివరి ముసలామె చుట్ట నోట్లోంచి తీసింది. "నానూ అదే అడుగుదామని కూకున్నాను బాబూ. అసిరయ్య ఇంటి ముందు కూడా దిగవేటి?"

చెంగు వెనక్కి తోసుకున్నాక జగన్నాధానికి ఆమె ఎవరో తెలిసింది. నెల్లిమర్లలో మామగారి పక్కింటి చిన్నతల్లి.

"సిన్నతల్లప్పా, నువ్వెప్పుడొచ్చినావు?"

"నువ్వు తాటిసెట్టు దగ్గర ఉన్నప్పుడే వచ్చినాను." చుట్ట గోడకి నొక్కి ఆర్పి చెంగున ముడేసుకుంది. "రెండో ఆషాడంలో ఎద్దుగంట కొట్టుకుంటూ మా ఈదిలోంచి ఎల్లిపోతుంటే, గడప తొక్కకూడదని ఆగకండా పోతన్నాడు, ఎంత మరేదగల కుర్రోడో అనుకున్నాం. ఈదంతా ముచ్చట పడ్డాది. సావనం వచ్చినాక కూడా అలగే పోతన్నావు. మీ మావకి కోపవొచ్చింది. 'పిల్లొద్దని నోటితో సెప్పలేక గంటతో సెప్తన్నాడేటి' అన్నాడు. బండి కట్టి నానే దింపీసొస్తానంటే నీలవేణి ఒప్పుకోనేదు. ఆయనే వస్తానన్నాడు, ఆయనే వస్తాడంది. అమాస్య దాటితే బాదరపదం. సూన్యమాసంలో ఆడపిల్లని పంపరు. ఇంకో నెల అలగే ఉండాల."

"నీలవేణి ఏటంటాది అప్పా?"

"ఏటీ అనదు. ఎద్దుగంట ఇనిపించగానే బట్టలమూట ముందుగదిలోకి తెచ్చుకుంటాది. నువ్వెల్లిపోనాక మళ్ళీ లోపలికి అట్టుకెల్లి ఎట్టీసుకుంటాది."

పొయ్యి మీద పాలు పొంగుతున్నా సోములు చూసుకోలేదు.

"మొన్న శనివారం పెరట్లో ఉన్న రోలుని ఒక్కర్తీ ఈదిలోకి దొర్లించుకొచ్చింది," అంది చిన్నతల్లి. "ఆళ్ళమ్మ అడిగితే కడుగుతానంది. వానలో రోలు కడగడవేటి? నాను పక్కకి పిలిసి అడిగినాను. 'ఆయన కాళ్ళు సూసినావా అప్పా, పెడలు మీద మునేళ్ళే ఆనతన్నాయి' అంది. అంతే అంది. ఇంట్లో ఎవరికీ సెప్పనేదు. రోలు పక్కన నిలబడ్డాది. నువ్వు దాన్నీ దాటీసి ఎల్లిపోనావు."

సోములు సైకిలు వేపు చూశాడు. సీటు కడ్డీకి అంటుకుని ఇంక కిందకి దిగే చోటు లేకుండా ఉంది. అయినా జగన్నాధం నిలబడితే అది అతని రొమ్ము దాకా వస్తుంది. అరుగు మీద ఎడమ చెప్పు అచ్చు తడిగా ఉంది. వాడికి అంతా ఒక్కసారే అర్థమయింది. అర్థమయ్యాక ఏడిపించబుద్ధి కాలేదు.

"బావా," అన్నాడు మెల్లగా, "నీకు సైకిలు దిగడం రాదేటి?"

జగన్నాధం ఖాళీ గ్లాసులోకి చూశాడు. "ఎక్కడం వచ్చు. తొక్కడం ఎంత దూరవైనా వచ్చు. మా అరుగు మీంచి ఎక్కుతాను, మీ అరుగు మీదకి దిగుతాను. నేల నాకు అందదు సోములూ. ఆళ్ళింటికి అరుగు నేదు. ఈదంతా పల్లం. జారిపోడవే, ఆ పల్లంలోంచి ఎదురెక్కి తిరిగి రాలేను. మిల్లు రోడ్డు సుట్టుకుని ఇంటికొచ్చీడవే."

"నడిసెల్లి తెచ్చుకుంటే సరిపోయీది కదరా," అన్నాడు నరసింగరావు.

"అందరి ముందూ అలగ అన్నాక నడిసెలా ఎల్తాను మావా. దిండు కూడా కుట్టీసినాను."

"మరయితే రోలెందుకు ఒదిలీసినావు?" అంది చిన్నతల్లి. "అరుగంత ఎత్తుందే. ఆ పిల్ల నీకోసవే ఎట్టిందే."

జగన్నాధం దిండు మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్ళీ పరిచాడు.

"రోలు సూసినాను అప్పా. దాని పక్కన తను నిలబడ్డవూ సూసినాను. సెయ్యి సాపింది. నాను గంట కొట్టినాను." గొంతు సవరించుకున్నాడు. "రోలు కుడేపు ఎట్టింది. నాకు ఎడంకాలితోటే దిగడం వచ్చు."