పైరు రంగు గుడ్డ

ఏంటమ్మాయ్, ఆ యూరియా బస్తా ఎక్కడికి? చేను పాలిపోయిందా? వరిగడ్డి మడిలో కలియదున్నించావుగా మరి, పాలిపోక ఏం చేస్తుంది! కూర్చో, బస్తా ఎక్కడికీ పారిపోదులే. మీ నాయనమ్మ ఉండుంటే... అదే, మా వదిన. ఈ చుట్టుపక్కల గడ్డి కాల్చకుండా మడిలోకే దున్నించిన మొదటి మనిషి ఆవిడే, తెలుసా? కోత అవగానే అందరూ అగ్గిపుల్ల గీసేవాళ్ళు. ఆవిడేమో, "నేల ఇచ్చింది నేలకే పెడదాం, బూడిద చేసి గాలికివ్వడం దేనికి" అనేది. మీ తాత సంగతి విన్నావుగా, నోరు తెరిస్తే ఉరుమే. "సరే, ఆ కాలవ పక్క ఎకరం నీది. తేడా వచ్చిందా, మళ్ళీ గడ్డి మాటెత్తకు" అన్నాడు మా అన్నయ్య.

నాట్లేసి ఇరవై రోజులు. అందరి చేలూ నిగనిగలాడుతుంటే మనది జ్వరమొచ్చిన మొహంలా తయారైంది. గట్టు మీద పోయేవాడల్లా ఆగి, "ఏమ్మా, పైరుకి తిండి పెట్టట్లేదా?" అని ఎగతాళి. ఆవిడ గుప్పెడు మట్టి తీసి నాకు చూపించింది. "అబ్బాయ్, గడ్డి ఇంకా కుళ్ళుతోంది. కుళ్ళేదాకా మనం వేసిన బలం అదే తినేస్తుంది. కుళ్ళాక తిరిగి పెడుతుంది. కొంచెం ఓపిక పట్టు" అంది. ఆ... ఏం చెప్తున్నా? కంకి తొంగిచూసే ముందు, పొట్ట దశకొచ్చేసరికి ఆ చేను నల్లబడేంత ముదురుగా, ఏపుగా పెరిగింది. కంకి బరువెక్కాక గాలి కొట్టింది, అంతే, చాప పరిచినట్టు పడుకుంది. "ఎంత మందు పోశావే!" అని మీ తాత ఎగిరిపడ్డాడు. "ఎక్కువైంది, వచ్చేసారి సరిచేస్తా" అందంతే. కోతయ్యాక ఆయన అగ్గిపెట్టె పట్టుకుని వెళ్తే, గడ్డి కుప్ప మీద కూర్చుంది మహాతల్లి! "అంటించండి, నేను లేవను" అంది. ఉరుములన్నీ ఆగిపోయాయనుకో.

మరుసటేడు చూడాలి ఆవిణ్ణి! బస్తాలు పెంచలేదు. మొదటి దఫా ఎక్కువ చేసి, నాట్లకి ముందు బురద దున్నేటప్పుడు, దమ్ములోనే వేయించింది, కుళ్ళే గడ్డి తినగా పైరుకీ మిగలాలని. చివరి దఫాలో ఆ మేరకు తగ్గించేసింది. పిలకలేసే వేళకి ఒక మూల పైరు సరిగ్గా కుదిరితే, ఆ ఆకు కోసుకుని బట్టల కొట్టుకెళ్ళింది. "ఇదే రంగు గుడ్డ ముక్క ఇవ్వు." "రవికకా అమ్మా?" "కాదు నాయనా, వరికి!" కొట్టువాడు ఆకు చేత్తో పట్టుకుని తానులన్నీ వెతికాడు. సూర్యుడికి వీపు పెట్టి, తన నీడలో ఆకునీ గుడ్డనీ పక్కపక్కన పెట్టి చూసేది. ఆకు పాలిపోతేనే మందు, లేకపోతే దేవుడొచ్చి అడిగినా గుప్పెడు చల్లనిచ్చేది కాదు. పంట నిటారుగా నిలబడింది. ఎగతాళి చేసినవాళ్ళే గుడ్డ అరువడిగారు! నాలుగేళ్ళు తిరిగేసరికి మొత్తం మందులోనే కోత పెట్టింది. మా వదినమ్మా, మజాకా?

ఏంటీ, మొదటి ఏడు అంత మందు ఎందుకు వేసిందనా? ఆవిడ వెయ్యలేదమ్మా. నేను చల్లాను. జనం నవ్వుతుంటే తట్టుకోలేక, ఆవిడకి చెప్పకుండా, ఒకసారి కాదు, రెండుసార్లు. ఖాళీ సంచి కాలవలో తేలితే ఆవిడే తీసింది, మడిచి చంకలో పెట్టుకుంది, నావైపు ఒక్కసారి చూసింది. అంతే. మీ తాత పోయేదాకా ఆ తప్పు ఆవిడదే అనుకున్నాడు. ఆవిడా చెప్పలేదు, నేనూ నోరు విప్పలేదు. ఇన్నేళ్ళకి నీకే...

సరే, ఎండ వాలుతోంది. ఆ రేకు పెట్టె అందుకో, అడుగున గుడ్డ ఉంటుంది. వెళ్ళి ఆకు చూసిరా. బస్తా ఇక్కడే ఉండనీ.