ఎర్రగానే వెలిగింది

పొద్దున్నుంచీ ఇదే వరస. ఒకాయన వస్తాడు, టోపీ తీసి చంకలో పెట్టుకుంటాడు, మీ అమ్మాయి ధైర్యవంతురాలు అంటాడు, టీ తాగి పోతాడు. అది నడిపిన హెలికాప్టర్ ఎలా కూలిందో మాత్రం చెప్పడు. ధైర్యం సంగతి నాకు ఒకళ్ళు చెప్పాలా? పెంచింది నేనే కదా.

నువ్వు టోపీ లేకుండా, ఉత్త చేతులతో వచ్చావు. చూడగానే అనుకున్నాను, వాళ్ళ హెలికాప్టర్ల బేస్‌లో లైట్లు బిగించేవాడివి నువ్వేనని. గుమ్మంలో ఎందుకు, లోపలికి రా. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు కూర్చో.

ఏడవకు బాబూ. నాకే రావడం లేదు.

నీ గురించి చెప్పేది మా అమ్మాయి. మా లైట్ల మావయ్య అనేది. ఆ మధ్య ఫోన్ చేసి, "నాన్నా, మావయ్య బల్బులన్నీ పీకేసి ఎల్‌ఈడీలు పెట్టాడు, భోజనాల హాల్లో అందరం జ్వరం వచ్చిన మొహాలతో కూర్చుంటున్నాం" అంది. కరెంటు తక్కువట, ఏళ్ళ తరబడి మాడవట. మంచిదే కదమ్మా అన్నాను. అన్నాను మరి. నాకేం తెలుసు?

కొండ మీద టవర్‌కి పాత బల్బు తీసి ఈ ఎర్ర ఎల్‌ఈడీ లైటు పెట్టిందీ నువ్వే. పెట్టి, కిందకి దిగి చూశావు. వెలిగింది. మీ ఆఫీసరూ చూశాడు, భేష్ అన్నాడు. నేను కూడా వెళ్ళి చూసొచ్చానులే. నిప్పుకణికలా ఉంది. ఊరంతటికీ కనబడుతోంది.

మా అమ్మాయికి తప్ప.

హెలికాప్టర్లో దాని పక్క సీట్లో కూర్చున్న కుర్రాడు బతికాడు కదా, ఆసుపత్రిలో వాడే చెప్పాడు. చీకట్లో ఎగిరేటప్పుడు దారి కనబడ్డానికి వాళ్ళు కళ్ళకి ఏదో జోడు తగిలించుకుంటారట. పాత బల్బు వేడెక్కి వెలిగేది. ఆ వేడితో పాటు మన కంటికి ఆనని వెలుగొకటి వచ్చేదట, ఆ జోడు పట్టుకునేది దాన్నే. ఎల్‌ఈడీ చల్లగా వెలుగుతుంది. ఉత్త ఎరుపే. ఆ జోడులోంచి చూస్తే కొండ మీద ఏమీ లేదు, నల్లటి చీకటి. నేరుగా పోయి ఆ టవర్‌కే కొట్టుకున్నారు. ఆ వెలుగు కూడా ఇచ్చే రకం ఇంకోటి ఉందట. తెప్పించాల్సింది దాన్ని. తెప్పించలేదు. జోడు తగిలించుకుని చూడమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

అంతే. ఇందులో దొంగ లేడు, తాగుబోతు లేడు.

ఇప్పుడేమో తప్పు రకం బిగించాడని నీ మీదకి తోస్తున్నారు, అంతేనా? రేపు విచారణలో నేనొక మాట చెప్తే నీ ఉద్యోగం నిలుస్తుందని వచ్చావు. తల దించుకోకు, అడగడంలో సిగ్గేముంది? పెట్టెలో ఏ రకం వస్తే అదేగా నువ్వు బిగించేది.

మా మిల్లులో మిషన్ కింద ఎవడి వేళ్ళు పోయినా, చూసుకోవద్దా వెధవా అనేవాళ్ళు మమ్మల్ని. దాని మీద సమ్మెలు చేసి, లాఠీలు తిని, జైలుకి పోయి వచ్చినవాణ్ణి. ఇవాళ నా కూతురి పేరు చెప్పి ఇంకో పనివాడి కూడు తీస్తామంటే ఊరుకుంటానా? వస్తాను. ఆ బల్ల ముందు నిలబడి, ఇతని తప్పు కాదని చెప్తాను. తెప్పించింది ఎవరు, చూడకుండా సరే అన్నది ఎవరు, వాళ్ళని పిలవండి అంటాను.

దణ్ణం పెట్టకు. పెట్టకు బాబూ, చేతులు దించు.

నిజం చెప్పనా? ఆ కుర్రాడు ఇదంతా విప్పి చెప్పేదాకా, తప్పు నీదే అయ్యుండాలని కోరుకున్నాను. తాగి బిగించావనో, వైరు వదులుగా వదిలేశావనో. పొద్దున లేస్తే తిట్టుకోవడానికి ఒక మొహం ఉండేది నాకు. ఇప్పుడు అదీ లేదు.

సరే, లే. రేపు అక్కడ కనబడతాను. ఈ ఇంటికి మాత్రం మళ్ళీ రాకు.