గుంజల కొట్టం ఊత తీయించిన సంగతి

నా పేరు ఎల్రాయ్ స్కోగెన్. వయసు అరవై రెండేళ్లు. విస్కాన్సిన్ రాష్ట్రం, హాల్వర్ కౌంటీలో పాడి రైతును. ఈ ఆగస్టు తొమ్మిదో తేదీ ఉదయం పది గంటల పది నిమిషాలకు నా అంతట నేనే షెరీఫ్ ఆఫీసుకు వచ్చి, డిప్యూటీ మారెట్ వైస్ గారి ముందు ఇది చెబుతున్నాను. నన్నెవరూ పిలవలేదు. మే పద్నాలుగున ఆసుపత్రి వరండాలో నేనిచ్చిన మొదటి వాంగ్మూలంలో రెండు మాటలు అబద్ధం. ఇంకో మాట చెప్పకుండా దాచాను.

కేసు ఎప్పుడో మూసేశామని, అది ప్రమాదమని తేలిపోయిందని డిప్యూటీ గారు అన్నారు. అయినా రాసుకోమన్నాను.

నా తమ్ముడు లైల్‌కు యాభై ఐదేళ్లు. ఇద్దరం కలిసే సేద్యం చేస్తాం. ఫిబ్రవరిలో మంచు బరువుకు మా పాత కొట్టం కూలింది. కొత్తది మన చేతులతోనే కట్టుకుందామన్నది నేను. గుంజల కొట్టం. పునాది గోడలుండవు. గుంజలు నాలుగడుగుల లోతున పాతి, వాటి మీద కప్పు ఎత్తడమే. నలభై అడుగుల వెడల్పు, అరవై నాలుగడుగుల పొడవు. లైల్ తన వంటింటి బల్ల మీద గళ్ల కాగితంపై ప్లాను గీశాడు. నేను చెబుతుంటే వాడు గీశాడు. తలుపు తూర్పుకు పెడదామన్నాడు. నేను దక్షిణానికన్నాను. దక్షిణానికే పెట్టాం.

ఏప్రిల్ ఆఖరుకు నేల మెత్తబడింది. పద్దెనిమిది గుంజలు పాతడానికి పదకొండు రోజులు పట్టింది. ప్రతి గుంజకూ లైల్ రసమట్టం పెట్టి, నిటారుగా ఉందో లేదో నాలుగు పక్కలా చూసేవాడు. "గుంజ నిలబడితే చాలు, పెళ్లికొడుకులా నిలబడక్కర్లేదు" అని నేను ఎగతాళి చేశాను.

మే పద్నాలుగు, శనివారం. పొద్దున్నే పాలు పిండి, ఏడున్నరకు ట్రస్సులు ఎత్తడం మొదలుపెట్టాం. డిప్యూటీ గారు పట్నంలో పెరిగారు గనక చెబుతున్నాను. ట్రస్సు అంటే కప్పును మోసే ముక్కోణపు చెక్క చట్రం. అది తనంతట తాను నిలబడలేదు. నేల నుంచి ఏటవాలుగా ఊతకర్రలు పెట్టాలి, ఒకదాన్ని ఇంకోదానికి అడ్డకర్రలతో బిగించాలి. ఎన్ని కర్రలు, ఎక్కడెక్కడ కొట్టాలో ట్రస్సులతో పాటు వచ్చిన పచ్చ కాగితంలో ఉంది. లైల్ దాన్ని పైకి చదివాడు.

"అడ్డకర్రలు ఐదు వరసలు కొట్టమంటున్నాడన్నా."

"రెండు చాలు. మేకులు కొడుతూ కూర్చుంటే కప్పు వేసేదెప్పుడు?"

రెండే కొట్టాం.

పన్నెండుకు లైల్ భార్య జెనీన్ మధ్యాహ్నం తిండికి బంగాళదుంపలు, మాంసం కలిపి కాల్చిన హాట్‌డిష్ తెచ్చి పెట్టి వెళ్లింది. ఒకటీ నలభైకి ఆరు ట్రస్సులు పైన ఉన్నాయి. ఏడోదాన్ని నేను లోడరుతో, అంటే బరువులెత్తే బండితో తేవాలి. ఆరోదానికి పెట్టిన ఊతకర్ర నా దారికి అడ్డంగా ఉంది. మొదటి వాంగ్మూలంలో, ఆ ఊతను లైల్ తన ఇష్టానికి తీశాడని, నేను చూడలేదని చెప్పాను. అది అబద్ధం. తీయమన్నది నేను.

లైల్ నిచ్చెన మీద నుంచి నా వైపు చూశాడు. "దీన్ని తీసేస్తే ఈ ఆరూ దేన్ని పట్టుకుని నిలబడతాయన్నా?"

"ఐదు నిమిషాలు. ఏడోది ఎక్కగానే మళ్లీ కొడదాం."

"చుట్టూ తిరిగి రావచ్చు కదా?"

"తీయరా బాబూ, పొద్దు పోతోంది."

పొద్దు పోలేదు. రెండు కూడా కాలేదు. "సరే, పెద్దోడివి" అని నవ్వి, వాడు మేకులు పీకాడు. కిందికి దిగి ఆ కర్రను పక్కకు లాగుతున్నాడు. నేను ఏడో ట్రస్సు ఎత్తాను. దాని కొస ఆరోదానికి తగిలింది. గట్టిగా కాదు. ఆరోది వెనక్కి ఊగి, మళ్లీ ముందుకు వచ్చింది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఒకదాని వెనక ఒకటి ఆరూ ఒరిగాయి. గాలి వల్ల పడ్డాయని మొదట చెప్పాను. ఆ రోజు గాలి లేదు. జెనీన్ తీగ మీద ఆరేసిన దుప్పట్లు కదలనైనా కదలడం లేదు.

లోడరుకు ఇనుప చట్రం ఉంది గనక నాకు గీత కూడా పడలేదు. లైల్ నడుము మీద చెక్కలు పడ్డాయి. తల, ఒక చెయ్యి బయట ఉన్నాయి. మాట్లాడుతున్నాడు.

ఇది నేను దాచిన మాట. లోడరుతో పైదాన్ని ఎత్తబోయాను. జానెడు లేచింది. చెక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ఇటు లేస్తే అటు నొక్కింది. లైల్ అరిచాడు. "దించు, దించు, దించన్నా." దించాను. అప్పుడు రెండు గంటల ఐదు నిమిషాలకు అంబులెన్సుకు ఫోన్ చేశాను. ఏదీ కదిలించొద్దని అవతలి ఆవిడ అన్నది. అప్పటికే కదిలించాను.

అంబులెన్సు రెండూ ఇరవై తొమ్మిదికి వచ్చింది. ఆ ఇరవై నాలుగు నిమిషాలూ నేను వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. లోడరు ఇంజను ఆపలేదు. టన్ను బరువు ఎత్తే బండి అది. పక్కనే గుర్రుమంటూ నిలబడి ఉంది.

"కాళ్లు చల్లగా ఉన్నాయన్నా" అన్నాడు. కాసేపటికి, "కాళ్లు లేవన్నా" అన్నాడు.

"ఉన్నాయిరా. నాకు కనిపిస్తున్నాయి."

నాకు కనిపించడం లేదు.

లైల్ బతికాడు. నడుము కింద స్పర్శ లేదు, ఇక రాదన్నారు. వెన్నెముక చెక్కలు పడ్డప్పుడే విరిగిందా, నేను ఎత్తినప్పుడా అని డాక్టరుని అడిగాను. చెప్పలేమన్నాడు. మూడుసార్లు అడిగాను. చెప్పలేమనే అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం జరిగింది లైల్‌కు ఏదీ గుర్తు లేదు. హాట్‌డిష్ తిన్నదాకా గుర్తుంది. మిగతాది నా మొదటి వాంగ్మూలం చదివి తెలుసుకున్నాడు. జూలైలో ఇంటికి తెచ్చాక ఒక రోజు నా చెయ్యి పట్టుకున్నాడు. "నిన్ను అడక్కుండా ఊత తీశానటగా. నీ కొట్టం పాడుచేశాను. నన్ను క్షమించన్నా" అన్నాడు.

నేను నిజం చెప్పాను. అంతా చెప్పాను. వాడు విని, తల ఊపి, నా చెయ్యి తట్టాడు. "నాకోసం తప్పు నీ మీద వేసుకోకు. పోలీసులకు చెప్పింది కాగితం మీద ఉంది కదా" అన్నాడు. మర్నాడు మళ్లీ చెప్పాను. నమ్మలేదు. ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లు నన్నే ఓదార్చాడు.

జెనీన్ నమ్మింది. గుమ్మం దగ్గర నిలబడి, "బావగారూ, ఆయన రాత్రిళ్లు మీకు క్షమాపణ చెబుతూ కలవరిస్తున్నారు. అది నేను వినలేను. వెళ్లి కాగితం మార్చండి" అన్నది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఇందువల్ల నాకు శిక్ష ఏమైనా ఉంటుందా అని డిప్యూటీ గారిని అడిగాను. ఉండదన్నారు. అడ్డకర్రల సంగతీ, ఎత్తిన సంగతీ అన్నీ రాశారా అని అడిగాను. రాశామన్నారు.

పైన రాసినదంతా నేను చెప్పినదే. నాకు చదివి వినిపించారు, విన్నాను. ఇందులో అబద్ధం లేదు. దీని నకలు ఒకటి తీసుకుని, యూనిఫారం వేసుకున్న వాళ్లెవరైనా మా ఇంటికి వచ్చి నా తమ్ముడి ముందు చదవాలని వేడుకుంటున్నాను. నేను చదివితే నమ్మడు.

(సంతకం) ఎల్రాయ్ స్కోగెన్