గ్యారంటీ బాబాయ్ వేసిన కవర్లు

నగర కార్యాలయం గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో రెండు బెంచీలున్నాయి. ఒకటి అందరిదీ, రెండోది గ్యారంటీ బాబాయ్‌ది. ఆయన అసలు పేరు ఎవరూ అడగలేదు. ఏ మాట చెప్పినా చివర "గ్యారంటీ" అని తగిలిస్తాడు కాబట్టి అదే పేరైపోయింది. చిన్నా చితకా వ్యాపారాలవాళ్ళకి నగరం పనులు ఇప్పించడమే తన వృత్తి అని ఆయనే చెప్పుకుంటాడు. అందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు, టీ తప్ప. మిషనక్కకి మొదటి అనుమానం అక్కడే వచ్చింది. ఊరికే మేలు చేసేవాడు ఇంత తీరిగ్గా కూర్చోడు.

మిషనక్క ఒక ఇరుకు గదిలో నాలుగు కుట్టుమిషన్లు వేసుకుని, తోడికోడలితోనూ ఆడపడుచుతోనూ కలిసి యూనిఫారాలు కుడుతుంది. వీధులు ఊడ్చేవాళ్ళకి మెరుపు పట్టీల కోట్లు రెండు వేలు కుట్టించడానికి నగరం టెండరు పిలిచింది. ఆ పని దొరికితే ఏడాదంతా నాలుగు మిషన్లూ ఆడతాయి. దొరక్కపోతే నెలాఖరుకి రెండు మిషన్లు అమ్మేసి, తోడికోడలు ఫ్యాక్టరీలో చేరాలని ఇంట్లో మాట అయిపోయింది. కవరు పడాల్సింది ఇవాళే, సాయంత్రం నాలుగు లోపల. ఇప్పుడు మూడు దాటింది, ఆ కవరేమో గ్యారంటీ బాబాయ్ ఒళ్ళో ఉంది.

అది అక్కడికి చేరింది చీపుళ్ళాయన మాట విని. ఆయన వాళ్ళ వీధిలోనే చీపుళ్ళు కట్టి అమ్ముతాడు. "మనలాంటివాళ్ళు సరాసరి లోపలికి పోతే కవరు వైపు చూసే నాథుడుండడు, బాబాయ్ చేతి మీదుగా వెళ్ళాలి" అని వెంటబెట్టుకొచ్చాడు. బాబాయ్ కవరు అందుకుంటూనే "అంటించకమ్మాయ్, ఒకసారి నా కంటబడనీ, తర్వాత నేనే అంటిస్తాను" అన్నాడు. అంటించని కవరు ఈయనకెందుకు? లోపలి రేటు చూసి ఏ పెద్ద కాంట్రాక్టరు చెవినో వేస్తాడా? పోనీ చూశాడా అంటే, ఇప్పటిదాకా కవరు తెరిచిందీ లేదు. మిషనక్క నమూనా కోటున్న సంచి గట్టిగా పట్టుకుని, చూపంతా ఆ కవరు మీదే పెట్టి కూర్చుంది.

"కంగారు పడకు," అన్నాడు బాబాయ్ టీ ఊదుకుంటూ. "ముందే వేశావనుకో, అడుగున పడుతుంది. అడుగున పడ్డదాన్ని ఎవడు చూస్తాడు? చివర వేస్తే పైనుంటుంది. నేను ఎప్పుడు వేసినా మూడూ యాభై తొమ్మిదికే. గ్యారంటీ."

"అన్ని కవర్లూ తెరుస్తారు కదండీ?"

"తెరుస్తారమ్మా, కానీ ఎలా తెరుస్తారు? అది నీకు చెప్పాలంటే ఈ చీపుళ్ళాయన సంగతి చెప్పాలి. ఇతను మొదటిసారి వచ్చినప్పుడు ఫారం నిండా కొట్టివేతలేనని తనే చెప్పాడు. ఏడుని తొమ్మిది చేశాడు, తొమ్మిదిని మళ్ళీ ఏడు చేశాడు. నేను ఒక్కటే చెప్పాను, నాయనా, దిద్దిన చోటల్లా పక్కన సంతకం పెట్టు, లేకపోతే తీసి అవతల పడేస్తారు అని. పెట్టాడు. వేశాను. నెల తిరిగిందో లేదో నగరం నుంచి ఇద్దరు ఆఫీసర్లు ఇతని కొట్టు వెతుక్కుంటూ వచ్చారు. అవునా కాదా?"

"వచ్చారు," అన్నాడు చీపుళ్ళాయన గొప్పగా. "చీపుళ్ళు వంచి చూశారు, పుల్లలు లెక్కపెట్టారు, ఏదో రాసుకున్నారు. రెండుసార్లు వచ్చారు."

"మరి పని ఇచ్చారా?"

"ఇస్తారు, పైన నడుస్తోంది," అన్నాడు బాబాయ్, చీపుళ్ళాయన నోరు తెరిచేలోపే.

ఎన్నాళ్ళ నుంచి నడుస్తోందని అడగబోయి మిషనక్క ఆగింది. కవరు ఆయన దగ్గరుండగా ఆయనతో పేచీ ఎందుకని ఊరుకుంది.

"చీపుళ్ళదేముంది, చిన్న పని," అని బాబాయ్ కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. "అసలు సంగతి నిచ్చెనలవాడిది. వీధి దీపాలు మార్చడానికి నిచ్చెనలు కావాలన్నారు. నిబంధన ఏమిటంటే, నమూనా కూడా సీలు చేసిన కవరులోనే పెట్టాలి. ఎవడో గుమాస్తా పెన్సిళ్ళ కోసం రాసిన నిబంధన నిచ్చెనలకీ దించేశాడు. అది చూసి మిగతావాళ్ళంతా ఇంటికి పోయారు. నేను పోతానా? కాగితాలు తెప్పించి, ముప్ఫై అడుగుల కవరు కుట్టించి, నిచ్చెన అందులోకి దూర్చి, సీలు వెయ్యడానికి ఒక బకెట్టు లక్క మరిగించాను."

మిషనక్క ఆగలేకపోయింది. "కాగితం కుడితే నిలవదండీ. సూది పోట్ల వెంబడి చిరిగిపోతుంది."

"నువ్వు కుట్టే కాగితం వేరు, అది టెండరు కాగితం. ఇరవై మంది భుజాన పెట్టుకుని మోసుకొచ్చారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టైము చూస్తే నాలుక్కి ఒక్క నిమిషం. కవరు ముందు కొస గేటు దగ్గరుంది, వెనక కొస ఇంకా అదిగో ఆ మలుపే తిరగలేదు. అరవై అడుగులాయె."

"ఇందాక ముప్ఫై అన్నారు."

"పొద్దున ముప్ఫై. ఎండకి సాగింది," అన్నాడు బాబాయ్, రెప్ప కూడా వాల్చకుండా. "ఇక చూసుకో, ఆ నిచ్చెన కవరుతో సహా ఆఫీసు గోడకి ఆనించి ఎక్కేశాను, పైనున్న పెద్ద గడియారం నిమిషాల ముల్లు పట్టుకుని వేలాడాను. నేను వదలను, అది కదలదు. ఊరంతా మూడూ యాభై తొమ్మిదే. బడి గంట కొట్టలేదు, పిల్లలు లోపలే. బస్సులు బయల్దేరవు. గుమాస్తాలు సంచులు సర్దుకుని నిలబడ్డారు, ఇంటికి పోవడానికి లేదు. సూర్యుడు కూడా ఏం చెయ్యాలో తోచక ఉన్నచోటే ఉండిపోయాడు. అలా రెండు రోజులు."

టీ కొట్టావిడ గ్లాసులు కడుగుతూ తల తిప్పకుండానే అడిగింది. "సూర్యుడు కదలకపోతే రెండు రోజులని ఎలా తెలిసింది?"

"గడ్డం పెరిగింది కదా," అన్నాడు బాబాయ్. "అప్పుడు పెద్దాఫీసరు స్వయంగా కిందికొచ్చి, బాబూ, దిగు నాయనా, మా ఆవిడ అన్నం వడ్డించుకుని కూర్చుంది, ఆ నిచ్చెనలన్నీ మేమే తీసుకుంటాం అన్నాడు. నేనేమన్నానో తెలుసా? అయ్యా, సిఫారసులు నాకు గిట్టవు, పద్ధతి ప్రకారమే రానివ్వండి అన్నాను. కవరు పెట్టెలో పడ్డాకే దిగాను. ఎన్ని నిచ్చెనలు కొన్నారంటే, వాటికి సరిపడా దీపాల్లేవు. స్తంభాలు ఇంకో ఇరవై అడుగులు ఎత్తు చేశారు. ఎత్తు చేస్తే వెలుతురు పోయి పక్క ఊళ్ళో పడింది. వాళ్ళు, ఊరికే వస్తోంది కదా అని, వాళ్ళ దీపాలు పీకేసి, వాళ్ళ నిచ్చెనలు మనకే అమ్మడానికి టెండరు వేశారు. అదీ నేనే వేయించాను."

చీపుళ్ళాయన పడీ పడీ నవ్వుతున్నాడు. మిషనక్కకి నవ్వు రాలేదు. కొట్టు గోడ మీద గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

"చివరికి నగరం ఏం చేసిందో తెలుసా? టెండర్లు వేయించేవాడు ఒకడు కావాలని, దానికే ఒక టెండరు పిలిచింది. వేసింది నేనొక్కణ్ణే. ఒక్కడు వేస్తే చెల్లదు, పోటీ ఉండాలన్నారు. సరే అని నా మీద నేనే పోటీ వేశాను. నన్ను నేనే చిత్తుగా ఓడించాను. ఆ ఓడినవాడు ఇప్పటికీ నాతో మాట్లాడడు."

"బాబాయ్," అంది మిషనక్క, "మీరు వేసిన కవర్లు లోపలికి చేరాయనడానికి ఆధారం ఏమిటండీ?"

బాబాయ్ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు చొక్కా జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన ఉత్తరాల కట్ట తీశాడు. మడిచిన ప్రతి కాగితం మీదా గుండ్రటి నీలం ముద్ర పైకి కనబడుతోంది. "వేసిన ప్రతి కవరుకీ జవాబు. ఎవరిదైనా సరే, చిరునామా మాత్రం ఈ టీ కొట్టుదే రాయిస్తాను. ముద్ర చూడు, నగరం ముద్ర. ఇది చీపుళ్ళాయనది, ఇది నిచ్చెనలవాడిది."

ముద్ర ఆవిడ ముఖం ముందు ఆడించి కట్ట మళ్ళీ జేబు వైపు తిప్పాడు. కానీ మిషనక్క చూసింది ముద్రని కాదు, మడతని. విప్పి మళ్ళీ మడిచిన మడతకీ, ఒక్కసారీ విప్పని మడతకీ తేడా గుడ్డలతో బతికే మనిషికి చూడగానే తెలిసిపోతుంది.

"ఇవి ఎవరూ చదవలేదు," అంది. "ఒక్కటి ఇటివ్వండి."

"చదవడానికేముంది, ముద్ర..."

మిషనక్క లేచి, చెయ్యి చాపి, పైనున్నది లాగేసుకుంది. విప్పి పైకే చదివింది. "గేటు వద్ద గల పెట్టెలో మీరు వేసిన ఫిర్యాదు మాకు అందినది. చీపుళ్ళపై మీ ఫిర్యాదును నమోదు చేసి, తనిఖీ నిమిత్తం ఇద్దరు సిబ్బందిని పంపడమైనది."

చీపుళ్ళాయన నవ్వు ఆగిపోయింది. "ఫిర్యాదేంటి?"

ఆవిడ రెండోది విప్పింది. నిచ్చెనలపై ఫిర్యాదు. మూడోది మళ్ళీ చీపుళ్ళపైనే, రెండో విడత తనిఖీ. మిషనక్క గొంతు లేచింది. "బాబాయ్, మీరు కవర్లు ఏ పెట్టెలో వేస్తారు?"

బాబాయ్ కూర్చున్నచోటి నుంచే వేలు చూపించాడు. గేటు స్తంభానికి, రోడ్డు వైపు, తాళం వేసిన ఇనుప పెట్టె ఒకటి వేలాడుతోంది. తుప్పు పట్టి, దాని మీద రాసిన అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి.

"అది ఫిర్యాదుల పెట్టె," అంది టీ కొట్టావిడ, గ్లాసు పట్టుకునే ఇటు తిరిగి. "కుళాయి రావట్లేదని నేనూ అందులోనే వేశాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు చీపుళ్ళాయన.

"నన్నెవరు అడిగారు? వారం వారం ఈయన వెళ్ళి వేస్తుంటే, ఫిర్యాదులే అనుకున్నా. ఊరి మీద ఇంత కోపమున్న మనిషి ఇంకొకడు లేడనుకున్నా."

"అంటే ఆ ఇద్దరూ వచ్చి పుల్లలు లెక్కపెట్టింది..." చీపుళ్ళాయన మిషనక్క చేతిలోని ఉత్తరాల వైపు చూశాడు. "నా చీపుళ్ళ మీద నేనే ఫిర్యాదు చేసుకున్నానా? అదీ రెండుసార్లు?"

బాబాయ్ ఉత్తరాల కట్టకి మళ్ళీ రబ్బరు బ్యాండు వేస్తున్నాడు. "కళ్ళజోడు విరిగి నాలుగేళ్ళయింది," అన్నాడు. "ముద్ర ఒక్కటే కనబడేది. ముద్ర ఉన్న ఉత్తరం మంచిదే కదా అనుకున్నాను."

"లోపలికి ఎప్పుడైనా వెళ్ళారా?"

"పని లేనివాళ్ళు రాకూడదంటాడమ్మా వాచ్‌మన్."

ఇంతసేపూ పెద్ద కాంట్రాక్టరు మనిషేమో, రేటు బయటపెడతాడేమో అని భయపడింది మిషనక్క. దొంగైతే తిట్టి పోయేది. ఈ మనిషిని ఏం చెయ్యాలో తోచక ఇంకా ఒళ్ళు మండింది. కవరు ఆయన ఒళ్ళోంచి లాక్కుని, సంచి చంకన పెట్టి రోడ్డు దాటేసింది.

వాచ్‌మన్ "ఏం పని?" అన్నాడు. కవరు చూపించింది. "రెండో అంతస్తు, చివరి గది," అన్నాడు. అంతే, ఇంకో మాట అడగలేదు. ఇంత తేలికైన దానికి గంటసేపు గడియారాల మీద వేలాడినవాడి మాటలు వింటూ కూర్చున్నానే అనుకుంటూ మెట్లెక్కింది. గదిలో బల్ల మీద రెండు తాళాల చెక్కపెట్టె, పక్కన రిజిస్టరు, వెనక ఒక గుమాస్తా ఉన్నాడు. ఇంకా ఆరు నిమిషాలున్నాయి. జిగురు అడిగి, కవరు అంటించబోతూ ఆగింది.

"దిద్దిన చోట పక్కన సంతకం లేకపోతే ఏమవుతుందండీ?"

"పక్కన పెట్టేస్తాం," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

ఆవిడ కాగితాలు గబగబా బయటికి తీసింది. మూడో పేజీలో కోటు రేటు దగ్గర తోడికోడలు నాలుగుని తొమ్మిదిగా దిద్దింది. పక్కన ఏమీ లేదు. సంతకం పెట్టి, అంటించి, పెట్టెలో వేసింది. నమూనా కోటు అప్పగించింది, రిజిస్టరులో పేరు రాసింది, రసీదు తీసుకుంది. గుమాస్తా నాలుగు కాగానే పెట్టె సందుకి కాగితం అంటించేశాడు. మిషనక్క ఆ గదిలోనే ఒక తెల్లకాగితం అడిగి, కిటికీ అంచున పెట్టుకుని నాలుగు ముక్కలు రాసుకుని కిందికి దిగింది.

టీ కొట్టులో గ్యారంటీ బాబాయ్ అప్పటికే తేరుకున్నాడు. "పడిందా? నేను కూర్చోబెట్టబట్టే కదా చివర్లో వేశావు, పైనుంటుంది చూడు. గ్యారంటీ."

మిషనక్క టీ కొట్టావిడ వైపు తిరిగి బాబాయ్‌కి ఇంకో టీ ఇమ్మంది. "మీరు చెప్పినదాంట్లో ఒక్క మాట నిజమైంది బాబాయ్. దిద్దిన చోట సంతకం. అది వినకపోతే ఇవాళ మా పని అయిపోయేది. ఆ ఒక్క మాటకీ ఈ టీ."

బాబాయ్ ముఖం వెలిగింది. ఆవిడ మడిచిన కాగితం ఆయన చేతిలో పెట్టింది.

"ఇదేంటమ్మాయ్, ఇంకో టెండరా?"

"మిగతా మాటలన్నిటికీ ఇది. మీ మీద ఫిర్యాదు. చీపుళ్ళాయన సంతకం కూడా పెట్టించి మీరే వేసేయండి. మీ చేత్తో వేసింది ఇంతవరకూ ఒక్కటీ చేరకుండా పోలేదు కదా."