ముందూ వెనకా మూడు లైన్లు

వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. దాని ముందు భార్య, ఎదురుగా భర్త, పక్కన బఠాణీలు ఒలుస్తూ అత్తగారు.

“అనలేదు.”

“అన్నావు.”

“అనలేదంటే అనలేదు. నా ప్రమోషన్ కోసం ఈ ఊరొచ్చాం, ఒప్పుకుంటా. తర్వాత నీ వంతు అని నేనెప్పుడన్నా?”

“ఎప్పుడన్నావో ఇప్పుడే తేలుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ మన చాటింగంతా ఇందులోకి దింపాను.”

“అంతానా? ఏయ్, పక్కన అమ్మ ఉంది!”

“నేనేం చదవనులేరా, కళ్లజోడు కూడా లేదు. అమ్మాయ్, ఆ తెరేంటి అంత నల్లగా? పాడైందా?”

“లేదత్తయ్యా, ఇది లినక్స్, టైపు చేసి పని చెప్పాలి. ఇందులో గ్రెప్ అని ఒకటుంటుంది. ఒక మాట చెప్తే ఆ మాట ఉన్న లైన్లన్నీ ఏరి ముందు పడేస్తుంది.”

“లేకపోతే?”

“ఏమీ అనదు. లేదని కూడా అనదు. నోరు మూసుకుని కూర్చుంటుంది.”

“అచ్చం మా ఆయనే.”

“అమ్మా, నువ్వు మధ్యలో రాకు. ఏమే, తేలితే ఏంటి, తేలకపోతే ఏంటి? ముందు అది చెప్పు.”

“నాకు ఉద్యోగమిస్తామన్న కంపెనీకి ఐదింటికల్లా వస్తానో రానో చెప్పాలి. నువ్వు మాటిచ్చావని తేలితే మూటాముల్లే సర్దుకుని వాళ్ల ఊరు పోతాం. తేలకపోతే నేను కూడా గ్రెప్‌లాగే నోరు మూసుకుంటా.”

“మాటంటే మాటే. కొట్టు.”

“‘వంతు’. ఎంటర్.”

“అమ్మో, వరదలా వస్తున్నాయే! ‘గిన్నెలు నీ వంతు.’ ‘ఇవాళ కూడా గిన్నెలు నీ వంతు, నాటకాలొద్దు.’ ‘చెత్త ఎవరి వంతు?’ ‘నిన్న నేనే పారేశా, చెత్త నీ వంతు.’ ఇదా మన ప్రేమకథ?”

“ఆగు. గిన్నెలున్న లైన్లు తీసెయ్ అంటా. చెత్త కూడా తీసెయ్ అంటా.”

“అవి తీసేస్తే మన కాపురంలో ఇంకేం మిగుల్తుంది?”

“మిగిలింది. ఒకే ఒక్క లైను.”

“చదువు.”

“‘ఈసారి నీకోసం నా టీమ్‌ని వదులుకుని వస్తున్నా. వచ్చేసారి నా వంతు, సరేనా?’”

“ఎవరు రాశారు?”

“...నేనే.”

“చూశావా! నువ్వే! అన్నది నువ్వు!”

“దాని కింద నువ్వు సరే అనుంటావు. ముందూ వెనకా మూడేసి లైన్లు చూపించమంటే చూపిస్తుంది.”

“చూపించమను. నాకేం భయం!”

“వచ్చింది. ‘పాలు తెస్తున్నా. ఒక ప్యాకెట్టా, రెండా?’”

“అది నేను.”

“తెలుస్తూనే ఉంది.”

“దాని కింద?”

“‘రెండు.’ అది నేను.”

“మరింకేం! కేసు కొట్టేశారు.”

“ఎంత పిచ్చిదాన్ని! ఇన్నాళ్లూ నువ్వు సరే అన్నావనే అనుకున్నా. రెండు ప్యాకెట్లు తెమ్మన్నానన్నమాట, అంతే.”

“పోనీలే, బాధపడకు. సాయంత్రం బయట తిందాం. వాళ్లకి రానని రాసెయ్. మర్యాదగా రాయి, మళ్లీ ఎప్పుడైనా పనికొస్తారు.”

“రాస్తున్నాగా.”

“ఆగమ్మాయ్. దానికి నా ఫోన్ కూడా తినిపించు.”

“అమ్మా! నీ ఫోన్ ఎందుకు?”

“ఊరికే. సరదాగా.”

“అందులో ఏముంటాయి? నీ మోకాళ్ల నొప్పులు, నా గుడ్ మార్నింగులు.”

“మరి ఆ చెమటలేంట్రా?”

“అది కాదు... ప్రైవసీ అనేది ఒకటుంటుంది! తల్లీకొడుకుల మధ్య...”

“మొగుడూపెళ్లాల మధ్య లేంది తల్లీకొడుకుల మధ్య ఎక్కణ్ణుంచి ఊడిపడింది? దిగిపోయిందత్తయ్యా. ఏ మాట కొట్టను?”

“‘గుర్తు’ అని కొట్టు.”

“అమ్మా, ప్లీజ్.”

“వచ్చింది. అదే రోజు. పాల ప్యాకెట్లు అడిగిన పది నిమిషాలకి. ‘అమ్మా, వచ్చేసారి తన వంతంటోంది. పాల మాటెత్తి తప్పించుకున్నా. నువ్వు కూడా ఎప్పుడూ గుర్తు చేయకు.’”

“...”

“ఏంటి, గ్రెప్ అయిపోయావా?”

“కింద! కింద లైను కూడా చదువు! అమ్మేమందో చదువు!”

“‘సరే నాన్నా. నేను నోరు మెదపను.’ అత్తయ్యా... ఇది మీరా?”

“నేనే.”

“చూశావా! మాటిచ్చి తప్పావమ్మా నువ్వు!”

“ఎక్కడ తప్పానురా? నోరు మెదిపానా? ఫోనిచ్చాను.”

“సరే. తప్పే. ఒప్పుకున్నా. కానీ ఉన్నపళంగా ఉద్యోగం మానేసి నేనెలా వచ్చేది? ఒక్క ఏడాది ఆగితే...”

“నిన్నెవడు రమ్మన్నాడ్రా? అమ్మాయ్, వస్తున్నామని రాసెయ్. ఇల్లు మాత్రం మనిద్దరికీ సరిపోయేది చూడు.”