ఎర్ర గుర్తు

హలో… ఆ, చెప్పండి బావా, నేనే. మీ మరదల్నే.

లేదు లేదు, హెడ్డాఫీసులోనే ఉన్నాను, ఫర్వాలేదు… ఏంటి, గొంతు అలా ఉందేం?

తెరుచుకోవట్లేదా?… ఆర్డర్ల స్క్రీనా?

ఏమొస్తోంది దానిమీద, చదవండి… 'మీకు అనుమతి లేదు'… ఆ… కింద ఇంకేమైనా ఉందా?… అంతేనా.

పాస్‌వర్డ్ మరిచిపోయి ఉండరు బావా. అక్క పేరూ పెళ్ళయిన సంవత్సరమూ కలిపి పెట్టుకున్న మనిషి ఎలా మరిచిపోతారు?… నాకెలా తెలుసా? మీరే చెప్పారుగా. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని క్లాసులో నేను నేర్పిన రోజే వచ్చి నా చెవిలో చెప్పారు.

సరే, ఒకసారి కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టండి… ఆ, పూర్తిగా ఆపండి… తొందరేం లేదు, నెమ్మదిగానే…

…

అలిగిందా?… సాఫ్ట్‌వేర్‌కి అలకలుండవు బావా. అవన్నీ మా ఇంటి ఆడవాళ్ళకే.

ఏంటి?… క్యాంటీన్‌లో టీ కూడా రాలేదా? కార్డు పెడితే గుర్తుపట్టలేదా… పొద్దున గేటు దగ్గర కూడానా! మరి లోపలికెలా వెళ్ళారు?… వాచ్‌మన్ తీశాడా. ఇన్నేళ్ళుగా చూస్తున్న మొహం, అతనికి కార్డెందుకు.

…

వింటున్నాను… లేదు, ఏడవడమేంటి, జలుబు.

మళ్ళీ అదే వచ్చిందా… ఊఁ.

బావా, పక్కన ఎవరైనా ఉన్నారా?… ఓవెన్ మేస్త్రీనా. ఆయన్ని ఒక్క నిమిషం బయటికి పంపండి… ఊరికే. మీతో ఒక మాట చెప్పాలి.

వెళ్ళాడా?… కూర్చోండి… కూర్చున్నారా?

…

పాస్‌వర్డ్ గొడవ కాదు బావా. గేటుకీ, క్యాంటీన్‌కీ, మీ స్క్రీన్‌కీ ఇప్పుడు ఒకటే సాఫ్ట్‌వేర్ కదా. ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారిపోతుంది… మీ సీటు తీసేశారు.

కుర్చీ కాదు బావా… ఆ పనే తీసేశారు.

…

నాకెప్పుడు తెలిసిందా?

…

పోయిన వారమే తెలిసింది. చెప్పొద్దన్నారు. సాయంత్రం పెద్దసారు పిలిచి మీతో తనే చెప్తానన్నారు. ఆ తర్వాతే మార్చాల్సింది, ఇక్కడ ఎవరో పొద్దున్నే మార్చేశారు. గేటుకి తెలిసింది, టీ మిషన్‌కి తెలిసింది, మీకు మాత్రం…

లేదు బావా, మీరు ఏ తప్పూ చెయ్యలేదు. అదే వచ్చిన చిక్కు.

వినండి. డిపోల నుంచి వచ్చిన బ్రెడ్ ఆర్డర్ మీ దగ్గర ఆగి, మీరు చూసి సరే అంటేనే ఓవెన్‌కి పోతుంది కదా. రెండేళ్ళలో మీరు ఒక్కటంటే ఒక్కటి తిప్పి పంపలేదట. వచ్చినదానికల్లా సరే, సరే, సరే… లెక్క తీసింది ఆ సాఫ్ట్‌వేరే. ఈ మెట్టు దగ్గర మనిషి అక్కర్లేదు, ఆర్డర్ నేరుగా ఓవెన్‌కి పోవచ్చు అని…

తెలుసు… తెలుసు బావా, నాకు చెప్తారేం? తప్పు కనపడగానే మీరు ముందు డిపోకి ఫోన్ చేస్తారు. వాళ్ళు దిద్దుకున్నాకే సరే కొడతారు. అది మీకు తెలుసు, నాకు తెలుసు, డిపోల్లో అందరికీ తెలుసు. దానికి తెలీదు. ఫోన్లో మాట్లాడింది దాని కంటపడదు కదా.

తిప్పి పంపే బటన్ నొక్కమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?… అవును, నొక్కితే ఆ డిపోవాళ్ళ పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. పడనివ్వాల్సింది!… వాళ్ళకి మాటొస్తుందని మీరెందుకు…

…

చెప్పాను బావా. పెద్దసారుతో చెప్పాను, ఆయన పైన మేడమ్‌తోనూ చెప్పాను. 'ఫోన్లు చేసినట్టు ఎక్కడుంది, చూపించమ్మా' అన్నారు. ఏం చూపించను?… నా చేతిలో ఏముంది చెప్పండి. పనిచెయ్యని స్క్రీన్‌ని బాగుచెయ్యడమే నాకొచ్చు. ఇదేమో బాగానే పనిచేస్తోంది.

అంటే… ఇప్పుడు కూడా దాన్నే వెనకేసుకొస్తారా?… అవును, అది నిజమే. అది రాకముందు ఒక డిపోలో బ్రెడ్ బూజు పట్టి పారబోస్తుంటే, పక్క డిపోకి వచ్చినవాళ్ళు లేదనిపించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడది లేదు. లారీలు సగం ఖాళీగా తిరగడమూ లేదు. మీరు అన్నం మధ్యలో లేచి ఫోన్‌కి పరిగెత్తడం మానేశారని అక్క ఎంత సంబరపడిందో… మంచిదే బావా. అది మంచిది కాదని నేనెలా అంటాను? ఊరూరా తిరిగి అందరికీ నేర్పింది నేనేగా.

…

అక్కకా?… లేదు, నేను చెప్పలేదు. నాలుగుసార్లు ఫోన్ చేసి ఏదో వాగి పెట్టేశాను… మీరే చెప్తారా… సరే.

ఆ? మళ్ళీ వచ్చాడా మేస్త్రీ? ఏంటట?

'కొండకింది డిపోలో ఇవ్వాళ ఎవరి పెళ్ళి' అనా?… ఎందుకలా అడుగుతున్నాడు… ఉండండి, తెరిచి చూస్తాను.

…

అయ్యో.

ఆరువందల ట్రేలు కొట్టారు… ప్యాకెట్లు కాదు బావా, ట్రేలే. ప్యాకెట్ల గడిలో కొట్టాల్సిన అంకె పక్కగడిలో కొట్టినట్టున్నారు… రోజూ ఇదే తప్పా? ఎవరామె… కొత్త పిల్లా. ఇంకా పర్మనెంట్ కూడా కాలేదా…

ఇంకా దాటిపోలేదు. ఓవెన్ వెలిగించేదాకా డిపోవాళ్ళు దిద్దుకోవచ్చు. వెలిగించాక ఇంకేం చెయ్యలేం. ఎంతసేపుంది?… పావుగంటేనా.

నేనా?… నేను చూడగలను అంతే బావా, ముట్టుకోలేను.

ఆ చప్పుడేంటి?… ఏం లాగుతున్నారు?… ల్యాండ్‌లైనా. దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, నిజమే— వద్దు. బావా, వద్దు. ఆ ఫోన్ చెయ్యకండి.

నా మాట వినండి. ఒక్కసారి పోనివ్వండి. ఆరువందల ట్రేలు ఆ డిపో గుమ్మం ముందు దిగనివ్వండి. అప్పుడు అడుగుతారు, ఇన్నాళ్ళూ ఇలా ఎందుకు జరగలేదని. అప్పుడు నేను చెప్తాను. అప్పుడు వింటారు. మీరు ఏమీ చెయ్యక్కర్లేదు, ఈ పావుగంటా చేతులు ముడుచుకుని కూర్చుంటే చాలు. మీ సీటు మీకొస్తుంది బావా…

ఆ పిల్ల ఉద్యోగం పోతుందా… మరి మీది?

ఆ పిల్ల మీకేమవుతుంది? గొంతు తప్ప మొహం కూడా ఎరగరే!

…

అరవట్లేదు… అరవట్లేదు, సరే. బ్రెడ్ పాడవుతుంది, నిజమే. అంత బ్రెడ్ కుక్కలు కూడా తినలేవు, నిజమే. అన్నీ నిజమే. రెండో ఉద్యోగం వెతుక్కునే వయసా మీది? రేపు పొద్దున తయారై ఎక్కడికెళ్తారు? అక్క మొహం చూసైనా…

బావా?

…సెల్ బల్లమీద పెట్టేశారా? బావా… హలో…

…

వినిపిస్తోంది. మీరు ఆ పిల్లతో మాట్లాడేదంతా నాకు వినిపిస్తోంది… మీకే నేను వినిపించట్లేదు.

…

'కంగారుపడకమ్మా, పక్కగడిలో కొట్టు'… 'ఏడవకు, ఎవరికీ తెలీదులే'…

ఎవరికీ తెలీదు. నిజమే బావా.

…

ఆ… ఉన్నాను. ఎక్కడికి పోతాను? స్క్రీనే చూస్తున్నాను.

మారింది… ఆ, ఇప్పుడే మారింది. ఆరువందల ప్యాకెట్లు… ట్రేల గడిలో ఏం లేదు. మేస్త్రీకి చెప్పండి, ఎవరి పెళ్ళీ లేదని.

లేదు బావా, ఆ పిల్ల పేరు పక్కన ఎర్ర గుర్తు పడలేదు. పచ్చగానే ఉంది… ఆ, నిజంగానే. ఒట్టు.

…

మీ పేరా?

…ఆర్డర్ కింద, 'సరిచూసినవారు' అని ఉండేది, అదేనా… ఉండండి…

…

లేదు బావా. మీ పేరు లేదు.

ఖాళీగానా?… కాదు. ఆ గడే లేదు.

…

బావా… పెట్టేశారా?

…హలో?