మహబూబీ సంతకం

మస్కట్‌లో దార్సైట్ ప్రాంతం. మహబూబీ వంటపని చేసే ఫ్లాట్. శుక్రవారం మధ్యాహ్నం ఇంటివాళ్ళు బయటికి వెళ్ళిన వేళ, అదే ఊళ్ళో ఖురంలో ఇంటిపని చేసే సోయం శ్రీవాణి ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

“సంతకమే కదా పిన్నీ. తెలుగులో పెట్టినా చాలు.”

“ఉండు పాపా, అన్నం వార్చనీ. నువ్వు తిన్యావా?”

“తిన్నాను. అన్నం తర్వాత వార్చుకో. హైదరాబాద్‌లో అయిదింటికి ఆఫీసు మూసేస్తారు. అంటే మనకి మూడున్నర. ఇప్పుడే రెండయింది.”

“రెండే గదా.”

“పిన్నీ!”

“అరవద్దుమే. పక్కింట్లో నిద్రపోతాంటారు. ఏందో మళ్ళా చెప్పు, ఏం కాయితం అది? నాకు సగం అర్థం కాలే.”

“మూడుసార్లు చెప్పాను.”

“నాలుగోసారి చెప్పు. ముసిలిదాన్ని.”

“హైదరాబాద్‌లో ఒక సంస్థ ఉంది. కోయోళ్ళు, గోండులు, చెంచులు, కొండరెడ్లు... మాలాంటోళ్ళం మా కథ మేమే రాసుకుంటే టీవీ సీరియల్‌గా తియ్యడానికి ఆసరా ఇస్తారు. ఏడాది పాటు కూచోబెట్టి రాయిస్తారు. పక్కన ఒక పెద్ద రైటర్ని పెడతారు. ఆ ఏడాదీ ఇంటి ఖర్చు వాళ్ళే చూసుకుంటారు. దేశం మొత్తం మీద మూడొందల మంది పంపారు, ఆరుగుర్ని తీసుకున్నారు. అందులో నేనొకదాన్ని.”

“అది తెలుసులే. మొన్న ఫోన్లో ఏడిస్తివి గదా.”

“సంతోషంతో ఏడ్చాను.”

“అదీ తెలుసు.”

“ఇప్పటిదాకా టీవీలో మమ్మల్ని ఎట్టా చూపించారు పిన్నీ? నెత్తిన ఈకలు, ఒంటికి మసి, హుర్రు హుర్రు అని గంతులు. మా చింతూరులో ఎవడు గంతులేస్తాడు? ఇందులో మా జోగక్క కోయలోనే మాట్లాడుద్ది. కింద తెలుగులో అక్షరాలు పడతాయి.”

“మీ అక్క అంట్లు తోముతా తనలో తానే మాట్లాడుకునేది. నాకు ముక్క అర్థమయ్యేది కాదు. వినేదానికి బాగుండేది.”

“అదంతా రాశాను. ఖబూరాలో మీరిద్దరూ పనిచేసిన ఆ ఇల్లు, వెనక ఖర్జూరం చెట్లు, అక్క తోమిన డేగిశాలు, అన్నీ.”

“మంచిది. రాసుకో. దానికి నా సంతకం ఏంటికి?”

“కథలో బతికున్న మనిషి ఉంటే ఆ మనిషి ఒప్పుకున్నట్టు కాయితం కావాలి. రేపు గొడవ రాకుండా. అక్క లేదు కాబట్టి అమ్మ వేలిముద్ర వేసి పంపింది. ఇంక మిగిలింది నువ్వే.”

“నా పేరు మార్చకూడదా?”

“మార్చాను. అందులో నువ్వు సుగ్రా బేగం.”

“ఇంకేం మరి. సుగ్రా బేగంతో పెట్టించుకో.”

“ఆటలాడకు పిన్నీ. ఇది రాకపోతే నా స్థానంలో ఇంకొకళ్ళని తీసుకుంటారు. ఏడో మనిషి రెడీగా ఉన్నాడు.”

“ఉంటాడులే.”

“నీ మీద తప్పుగా ఏం రాయలేదు. కావాలంటే నాలుగో భాగం చదువుతాను, విను.”

“వద్దు.”

“నీ గురించే.”

“అందుకే వద్దంటి.”

“ఒక్క ముక్క. ‘జోగమ్మకి మూడు రోజులుగా జ్వరం. యజమాని కుటుంబమంతా సలాలా వెళ్ళింది. ఇంట్లో ఇద్దరే పనివాళ్ళు. సుగ్రా బేగం జోగమ్మని వీపున మోసుకుని రోడ్డు మీదికి తెస్తుంది. ఒక కారుకి అడ్డం నిలబడుతుంది. ఆస్పత్రిలో...’”

“చాలు.”

“‘ఆస్పత్రిలో మంచం పక్కన కూచుని...’”

“చాలు అంటి గదా!”

“ఏమైంది? నువ్వు చెప్పినట్టే రాశాను. ఒక్క ముక్క కలపలేదు.”

“నేను ఎవురికి చెప్తి?”

“అమ్మకి. ఫోన్లో. స్పీకర్‌లో పెట్టుకుని అందరం విన్నాం.”

“అప్పుడే బిడ్డ పోయిన మనిషికి ఏం చెప్పాల మే? ఏం చెప్పాలో నువ్వే చెప్పు.”

“అంటే?”

“అన్నం మెత్తబడతాంది.”

“అన్నం సంగతి వదిలెయ్. అంటే ఏంటి పిన్నీ?”

“ఆ సీను తీసెయ్యి. మీ ఊరు రాసుకో. ఏరు రాసుకో, ఇప్పపూలు రాసుకో. నన్ను తీసెయ్యి.”

“వాళ్ళకి నచ్చిందే ఆ సీను. ‘ఒక కులం కాదు, ఒక మతం కాదు, ఒక భాష కాదు, ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని మోసింది’ అన్నారు. కమిటీలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.”

“యా అల్లా.”

“పిన్నీ, ఇటు చూడు. అక్కని ఆస్పత్రికి తీసుకెళ్ళావా లేదా?”

“లేదు.”

“ఒక్కసారి కూడా?”

“నేను మోయలే. కారు ఆపలే. మూడు దినాలూ ఆ గదిలోనే ఉన్యాది. మూడో దినం సాయంత్రం పోయింది. అంతే.”

“వాళ్ళు బయట తాళం వేసి పోయారా?”

“ఎవురూ తాళం ఎయ్యలే పాపా. తలుపు తీసే ఉన్యాది. తాళం ఏసి ఉంటే బాగుండు.”

“మరెందుకు తీసుకుపోలేదు?”

“నాకు కాయితాలు ల్యావు. మొదట పనిచేసిన ఇంట్లోనించి తప్పించుకోనొచ్చి, ఆడ దొంగతనంగా చేస్తాంటి. ఆస్పత్రి గేటుకాడనే కార్డు అడుగుతారు. పోలీసు పట్టుకుంటే జైలు, ఆమైన ఊరికి పంపేస్తారు. ఊర్లో మా ఆయన మంచంలో ఉండె. నా జీతం మీదే ఆయప్ప మందులు. కాయితాలు సరి అయింది ఆ మరుసటేడు, సర్కారు మాఫీ ఇచ్చినప్పుడు గదా.”

“యజమానికి చెప్పలేదా?”

“చెప్తి. ‘పెట్టెలో మాత్రలు ఉంటాయి, ఇయ్యి. నాలుగు దినాల్లో వస్తాం’ అన్యాడు. వెనకాల పిల్లోల్ల నవ్వులు వినపడె.”

“అంబులెన్స్‌కి ఫోన్ చేసి నువ్వు వెళ్ళిపోవచ్చు కదా! వాళ్ళొచ్చి తీసుకుపోయేవాళ్ళు. నువ్వెక్కడైనా దాక్కునేదానివి.”

“ఇప్పుడు నాకూ అట్లే తోస్తాది. దినామూ తోస్తాది. కూరగాయలు తరుగుతాంటే తోస్తాది. ఆ పొద్దు తోచలే. తడిగుడ్డ ఏస్తి, మాత్ర ఏస్తి, తగ్గుతాదిలే తగ్గుతాదిలే అనుకుంటి.”

“నువ్వు చంపావు.”

“ఊ.”

“ఊ ఏంటి? కాదని చెప్పు!”

“కాదని ఎట్ల చెప్పేది?”

“రెండేళ్ళు. నేనీ దేశం వచ్చిన మొదటి వారం నన్ను వెతుక్కుంటూ వచ్చావు. ‘జోగి చెల్లెలివా, నాకూ బిడ్డవే’ అన్నావు. ప్రతి శుక్రవారం నీ చేతి అన్నం తిన్నాను. నీ ఒళ్ళో పడుకుని ఏడ్చాను. ఆ మేడమ్ తిట్టిన ప్రతిసారీ నీకే చెప్పుకున్నాను. నిన్ను... నిన్ను దేవతని చేసి రాశాను పిన్నీ.”

“అందుకే పెట్టనంటి.”

“ఇంకెవరికి తెలుసు ఇది?”

“ఎవురికీ తెల్దు. నమాజులో అల్లాకు చెప్పుకుంటా. ఈ పొద్దు నీకు.”

“సరే. అయితే అట్టాగే రాస్తాను. మోయలేదు, కారు ఆపలేదు. సుగ్రా బేగం తనని పట్టుకుంటారని భయపడి జోగమ్మని ఆ గదిలోనే చావనిచ్చింది. మా ఊళ్ళో అందరూ చూస్తారు. మీ కడపలో కూడా చూస్తారు. అప్పుడు పెడతావా సంతకం?”

“పెడతా. ఇటియ్యి.”

“ఏంటి?”

“అట్ల రాస్తే పెడతా. పెన్ను ఉండాదా?”

“ఉంది... పిన్నీ, చెయ్యి తడిగా ఉంది, తుడుచుకో.”

“యాడ పెట్టాల?”

“ఇక్కడ. గీత మీద.”

“మ... హ... బూ... బీ. ‘బీ’కి దీర్ఘం ఇట్లనే గదా? తీసుకో. ఫోటో తీసి పంపిచ్చుకో. ఇంగా టయం ఉండాది.”

“పంపుతాను. ఒక్కటి అడుగుతాను, ఆ తర్వాత పంపుతాను.”

“ముందు పంపు.”

“నీకు భయం, సరే. నీకు కాయితాలు లేవు, అదీ సరే. మాకు ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదా? ఏజెంట్ నంబరు నా దగ్గరుంది. వాడి ఇంటిముందు కూచుని అరిచేదాన్ని. ఇక్కడ వాడి మనుషులున్నారు, గంటలో పంపించేవాడు. కాళ్ళు పట్టుకుని పంపించేదాన్ని. ఒక్క ఫోన్ పిన్నీ!”

“సంతకం పెడితి గదా. ఇంగ పో.”

“ఎందుకు చెయ్యలేదు?”

“మీ మేడమ్ అరుస్తాది, పో పాపా. బస్సు పోతాది.”

“చెప్పకుండా పోను.”

“చెయ్యలేదని రాసుకో. సుగ్రా బేగం ఒక్క ఫోనన్నా చెయ్యలేదు. రాసుకో అట్లనే. నేనేమీ అనను.”

“రాసుకో అంటే ఏంటి? చేశావా?”

“అన్నం చూడు, గంజి ఇగిరిపోయె...”

“పిన్నీ. చేశావా?”

“ఉండు, పొయ్యి ఆర్పనీ.”

“నా మొహం చూసి చెప్పు.”

“చేస్తి.”

“ఎవరికి?”

“మీ అక్క ఫోన్లో డబ్బులు అయిపోయుండె. నా ఫోను ఇస్తి. నంబరు నోటికి చెప్పింది. జ్వరంలో కూడా ఒక్క అంకె తప్పు చెప్పలే. మూడో దినం, మధ్యాన్నం. ‘చెల్లికి ఏజెంటు తెలుసు, చెల్లి చూసుకుంటాది’ అనింది. నాలుగుసార్లు చేస్తి. నాలుగుసార్లూ కట్ అయినాది.”

“నా నంబరుకా?”

“నీదే.”

“ఏ రోజు?”

“బేస్తవారం. మీ అక్క పోయిన దినమే.”

“గురువారం... ఆ గురువారం నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ఈ సంస్థ వాళ్ళే మా ఏజెన్సీ పిల్లల్ని పిలిచి కథలు రాయడం నేర్పించారు. నాలుగు రోజులు. వద్దు, అమ్మని వదిలి పోనంటే అక్కే ఫోన్ చేసి తిట్టి పంపింది. ఆ రోజు అందరి ముందూ కథ చెప్పాలి. నా వంతు వచ్చేసరికి ఫోను మోగుతానే ఉంది. ఏదో నంబరు, అక్కది కాదు. తెలియని నంబరు. అప్పు ఇస్తామని చేస్తారే, వాళ్ళనుకున్నాను. నేనే... పిన్నీ, నేనే కట్ చేశాను.”

“తెలుసు.”

“ఎట్టా తెలుసు నీకు?”

“అయిదోసారి ఎవురో మగాయన ఎత్తినాడు. ‘ఆ అమ్మాయి ఫోను నా చేతికిచ్చి స్టేజీ ఎక్కింది. కథ చెప్తాంది’ అన్యాడు.”

“నాకు ఎవరూ చెప్పలేదు. దిగొచ్చాక ఆయన ఫోను చేతిలో పెట్టి, ఎవరో చేశారు, ఏం పర్లేదంట అన్నాడు. ఏం పర్లేదంట అన్నాడు పిన్నీ!”

“అందుకే నీకు చెప్పకూడదనుకుంటి. నేను మోసేది నాకు ఉండాది. నీకేంటికి ఇది కూడా?”

“ఆయన ఇంకేమన్నాడు? మొత్తం చెప్పు.”

“‘అర్జెంటా? అర్జెంటయితే కిందికి పిలుస్తా’ అన్యాడు. మంచోడే.”

“నువ్వేమన్నావు? పిలవమనలేదా?”

“నేను నోరు తెరిస్తి. మీ అక్క నా చెయ్యి పట్టుకునె. ఫోను స్పీకర్లో ఉన్యాది. వెనకాల మైకులో నీ గొంతు వినపడతాంది, మీ భాషలో. ఆ గొంతు వినేసరికి మీ అక్క మొగం మారిపోయె. కండ్లు మూసుకుని కొంచేపు విన్యాది. ఏం చెప్తాంటివో నాకు తెల్దు. మధ్యలో ఒకసారి నవ్వింది గూడా.”

“ఆ తర్వాత?”

“నా చేతిలోనించి ఫోను తీసుకునె. ‘అర్జెంటేం లేదు సార్, ఆ పిల్లని పూర్తిగా చెప్పనియ్యండి’ అని తనే పెట్టేసింది.”